పెరడు ఎవరిని సాకుతోంది?

ఈమధ్య ఇంటి తోటల డిజైన్ల మీద పుస్తకాలు, వీడియోలు చాలా వస్తున్నాయి. ‘సుస్థిరమైన తోట’ అనే మాట వాటిలో తరచుగా కనిపిస్తోంది. బొమ్మలు చూస్తే మాత్రం అన్నీ ఒకే తీరు. ఇంటి ముందు కత్తిరించిన పచ్చిక, మధ్యలో తెల్ల గులకరాళ్లు, గోడ వెంట కుండీల వరస. అలాంటి బొమ్మ ఒకటి మా బడి పిల్లలకు చూపించి, ఇందులో ఏం లేదో చెప్పమన్నాను. ఒకమ్మాయి లేచి, ‘కోడి లేదు సార్. అంట్లు తోమే చోటు కూడా లేదు’ అంది.

నేను ఇక్కడ రాస్తున్నదంతా ఆ మాటకు వివరణే.

డి.ఎడ్. చదివే రోజుల్లో సెలవులకు కోనసీమలో అంబాజీపేట దగ్గర మిత్రుడి ఇంటికి వెళ్లేవాణ్ణి. ఇంటి వెనక పెరడు. పైన కొబ్బరి, దాని కింద అరటి, కోకో, ఇంకా కింద కంద, చేమ, పసుపు. నూతి దగ్గర వాడిన నీళ్లు చిన్న బోదె గుండా అరటి మొదళ్లకు పోయేవి. కొబ్బరి మట్టలు దడికి, ఈనెలు చీపురుకు, డొక్కలు పొయ్యిలోకి. పేడ, ఊడ్చిన ఆకు పెంటకుప్పలోకి, అక్కణ్ణుంచి మళ్లీ చెట్ల పాదుల్లోకి. ఏ మొక్క నీడకు ఓర్చుకుంటుందో, ఏది ఓర్చుకోదో మిత్రుడి అమ్మగారికి తెలుసు. దాన్ని డిజైన్ అని ఎవరూ అనలేదు.

మా మారేడుమిల్లి వైపు కొండరెడ్ల ఇళ్ల దగ్గర తీరు వేరు. వెదురు దడి మీద చిక్కుడు, కప్పు మీద గుమ్మడి పాదు, ఇంటికి కాస్త ఎడంగా చింత, పనస, మామిడి, జీలుగు. జీలుగు కల్లు ఇస్తుంది. తిండి దొరకని రోజుల్లో దాని మాను లోపలి గుజ్జును దంచి పిండి తీసుకుని తిన్న తరాలు మనవి. కోనసీమ పెరడుకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువల నీళ్లున్నాయి. మనకు వాన, వాగు. నేలలు వేరైనా లెక్క ఒకటే. ప్రతి చెట్టుకూ ఇంట్లో ఒక పని ఉంది, ఇంట్లోంచి బయటపడే ప్రతిదానికీ తోటలో ఒక చోటుంది.

డిజైన్ పుస్తకాల మీద నా విమర్శ ఇక్కడే మొదలవుతుంది. అవి తోటను వీధిలోంచి చూస్తాయి. పెరడును వంటింటి గుమ్మంలోంచి చూడాలి. ‘తక్కువ నీళ్లు, తక్కువ ఖర్చు’ అని పైన రాసి, కింద రోజూ తడపాల్సిన పచ్చిక బొమ్మ వేస్తే ఆ మాటకు విలువ ఏముంటుంది?

అందం వద్దని నేననడం లేదు. మన ఆడవాళ్లు కూడా వాకిట్లో బంతి, మందారం వేస్తారు. కోనసీమకు పక్కనే ఉన్న కడియం, కడియపులంక నర్సరీల మీద ఎన్నో కూలి కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ ఎక్కడి మొక్కనో తెచ్చేటప్పుడు దానితో పాటు ఏం వస్తుందో చూసుకోవాలి. సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. మన దేశంలో 2016లో మొదట తమిళనాడులోని పొల్లాచ్చిలో కనిపించింది. ఇప్పుడు కోనసీమ కొబ్బరి ఆకుల అడుగున చేరి రసం పీలుస్తోంది. దాని జిగురు పడిన చోట ఆకులు మసి పట్టినట్టు నల్లబడతాయి. అరటి, జామతో పాటు అలంకరణ మొక్కల మీద కూడా ఇది బతుకుతుంది కాబట్టి, పురుగు పట్టిన మొక్క ఏ ఊరు వెళితే ఇదీ ఆ ఊరు వెళుతుంది. దీని అదుపునకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఇసారియా అనే శిలీంద్రాన్ని చల్లమంటోంది. త్వరగా పచ్చబడుతుందని రోడ్ల పక్కన విరివిగా నాటిన కోనోకార్పస్‌ది ఇంకో కథ. ఆరోగ్యానికి, పర్యావరణానికి చేటని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

తప్పు నేనూ చేశాను. ఒకప్పుడు పనిచేసిన బడిలో పచ్చదనం కోసం వచ్చిన కొద్ది డబ్బుతో పచ్చిక పరిపించి, క్రోటన్లు పెట్టించాను. చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేక అన్నీ ఎండిపోయాయి. వంటచేసే అక్క బోరింగు వెనక గుచ్చిన మునగ కొమ్మ మాత్రం చిగురించింది. జూన్‌లో పిల్లల పప్పులోకి ఆకు అక్కణ్ణుంచే వచ్చింది.

అలాగని పాత పెరడును మెచ్చుకుని ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. పెరడుకు ముందు నేల కావాలి. అదే కోనసీమలో రెండు మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్న దళిత కుటుంబాలకు పెరడు ఎక్కడిది? వాళ్లు పక్కవాళ్ల కొబ్బరితోటల్లో దింపు తీసి, డొక్క ఒలిచి బతికారు. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం మండలం ఊళ్లు వదిలి కాలనీలకు చేరిన మనవాళ్ల సంగతీ ఆలోచించండి. ఇల్లు ఇచ్చారు. ఇంటి వెనక చింత, జీలుగు, వెదురు ఎవరిస్తారు? చెట్టుకు లెక్కగట్టి పరిహారం ఇవ్వొచ్చు, ఆ చెట్టు ఏ నెలలో ఏం పెట్టేదో ఆ లెక్కలోకి రాదు. ‘చిన్న స్థలంలో అందమైన తోట’ అని చెప్పేవాళ్లు ఆ స్థలం ఎందుకు చిన్నదయిందో అడగరు. మనం అడగాలి. రెండు సెంట్లలో బచ్చలి పాదు పెట్టుకుందాం, సరే. అది పోయిన నేలకు బదులు కాదని కూడా చెబుదాం.

చెట్ల రకాలు ఎందుకు కలిసి ఉండాలో 1996 నవంబరు తుపాను చూపించింది. కోనసీమలో కొబ్బరి చెట్లు తోటలకు తోటలే నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అరటి పిలక ఏడాదిలో గెల వేస్తుంది, చిక్కుడు కొన్ని నెలల్లోనే కాస్తుంది. ఒక్క చెట్టునే నమ్ముకున్న ఇంటికీ, పది రకాలున్న ఇంటికీ ఆ ఏడాది ఎంత తేడా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అందుకే ఇకమీదట ఏ తోట డిజైన్ చూసినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఇంట్లో వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి? ఏ నెలలో ఇందులోంచి తినడానికి ఏముంది? ఇంటివాళ్లు నెల రోజులు ఊళ్లో లేకపోతే ఏం మిగులుతుంది?

ఉపాధ్యాయ మిత్రులు దీన్ని పాఠంగా చేయవచ్చు. పిల్లల చేత వాళ్ల ఇంటి చుట్టుపక్కల పటం గీయించండి. నీళ్లు పోయే దారి, నీడ పడే చోటు, కోళ్లు తిరిగే చోటు గుర్తు పెట్టించండి. ప్రతి మొక్కకూ అవ్వ పిలిచే పేరే రాయించండి, కోయలో అయితే కోయలోనే. సొరబుర్రల్లో ఇంకా విత్తనాలు దాచుకున్న ఇళ్లుంటే గుప్పెడు అడిగి బడికి తెప్పించండి. మా బడిలో ఈ వానాకాలం క్రోటన్లు ఎండిన చోట చిక్కుడు పెడుతున్నాం.