మన యాసకూ ఒక తెర

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లకు సహకార సంఘం పెట్టి మగ్గానికి మార్కెట్ చూపించారు. ఇప్పుడు మగ్గం ముందు కూర్చున్నవాళ్ల మాటకు సెల్‌ఫోన్ దారి చూపిస్తోంది.

ఆ ఫోన్లో రీల్ చేయడమంటే అల్లాటప్పా పని కాదు. గుంత మగ్గం దగ్గర నాడె చప్పుడుకు గొంతు వినబడదు. నేత ఆపి మాట్లాడాలి, మాట ఆపి నేయాలి, ఆనక రెండూ అతుకు కనబడకుండా కలపాలి. మొదటి రెండు మూడు సెకన్లలోనే చూసేవాళ్ల వేలు ఆగాలి. సుగ్గికి గుంటూరు మిరపచేలకు వలసపోయిన కూలీలైతే ఇదంతా పొద్దు వాలాక, ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపట్లోనే ముగించాలి.

2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ ఆగిపోతే పేదింటి కళాకారులెందరో కూడగట్టుకున్న ప్రేక్షకులను ఒక్కసారిగా పోగొట్టుకున్నారు. అయినా మళ్లీ మొదలుపెట్టారు. అదే ఏడు ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ గంగవ్వ తెలంగాణలోని లంబాడిపల్లి నుంచి బిగ్ బాస్ దాకా వెళ్లింది, తన యాస మార్చుకోకుండానే.

కన్నడం, ఉర్దూ కలిసిన మన ఎమ్మిగనూరు, ఆదోని మాటకూ ఆ సత్తా ఉంది. జాలిపడి లైకు కొట్టొద్దు. పనితనం నచ్చితే పదిమందికి పంపండి, చీర నచ్చితే గీచిగీచి బేరమాడకుండా కొనండి.