ముక్కలు లేని పేకాట

రంగస్థలం మీద ఒక దీపం, దాని కింద ఒక బల్ల. పొడుగాటి మనిషి వచ్చి కూర్చుని పేక కలుపుతాడు, పంచుతాడు. బల్ల చుట్టూ ఎవరూ లేరు. చేతిలో ముక్కలూ లేవు. అయినా ఎవరు మంచి ముక్క పట్టారో, ఎవరు దొంగచూపులు చూస్తున్నారో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఆటగాడి ముఖంలో మెల్లగా ఆశ పుడుతుంది, పందెం పెరుగుతుంది, చివరికి ఆ ఆశ కాస్తా ఆవిరైపోతుంది. ఒక్క మాట లేదు. హాలంతా నవ్వులే.

ఆ ఆటగాడు బెర్ట్ విలియమ్స్. 1874లో బహామాస్ దీవుల్లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరారు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో నల్లజాతి నటుడు జార్జ్ వాకర్‌తో జట్టుకట్టారు. 1903లో ఈ జంట 'ఇన్ దహోమే' అనే సంగీత నాటకాన్ని న్యూయార్క్ నాటకశాలల కేంద్రం బ్రాడ్వేకు తెచ్చింది. నల్లజాతివారే రాసి, ఆడిన పూర్తినిడివి సంగీత నాటకం అక్కడి పెద్ద థియేటర్‌కు ఎక్కడం అదే మొదలు. అదే ఏడాది లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనూ దాన్ని ప్రదర్శించారు.

ఆ రోజుల్లో తెల్ల నటులు కాల్చిన బిరడా మసి ముఖానికి పూసుకుని నల్లవారిని వెక్కిరించేవారు. నల్ల నటుడు రంగస్థలం ఎక్కాలన్నా ఆ మసి తరచుగా తప్పేది కాదు. చామనఛాయ మనిషి విలియమ్స్ కూడా మసి పూసుకుని, విగ్గు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని నిలబడ్డారు.

ఆ మసి వెనక నుంచే ఆయన అసలు మనిషిని చూపించారు. అందుకు ఆయన వాడిన మొదటి పనిముట్టు నిదానం. ఇతరులు గంతులేసే చోట ఆయన ఆగేవారు. కనుబొమ్మ కదిలేలోపు హాలంతా ఊపిరి బిగబట్టేది. రెండోది గొంతు. 1905 నాటి 'నోబడీ' ఆయన పేరు నిలిపిన పాట. కష్టకాలంలో తనను ఆదుకున్న నాథుడు లేడని చెప్పుకునే ఆ పాటను సగం పాడుతూ, సగం మాట్లాడుతూ, తాళానికి ఒక అడుగు వెనక నడిచేవారు. ఇక మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: పాత్ర ఎన్నడూ తనను చూసి తాను నవ్వదు. దెబ్బ తిన్నవాడికి అది నిజమైన దెబ్బే. 'కష్టంలోని హాస్యం' గురించి 1918లో ఆయన ఒక పత్రికలో వ్యాసమే రాశారు.

1910లో నిర్మాత ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ ఆయనను తన 'ఫాలీస్' ప్రదర్శనలోకి తీసుకున్నప్పుడు, నల్లవాడితో కలిసి ఆడబోమని తోటి నటులు తిరగబడ్డారు. మీలో ఎవరినైనా మార్చుకోగలను గానీ అతన్ని మార్చలేనని జీగ్‌ఫెల్డ్ తేల్చేశారు. ఎవరూ వెళ్లిపోలేదు.

1917లో అదే బృందంలో చేరిన యూదు యువకుడు ఎడ్డీ కాంటర్ ఆయనకు కొడుకుగా నటించాడు. రాత్రి చప్పట్లు అందుకున్న విలియమ్స్‌ను హోటల్ వాళ్లు వెనక లిఫ్ట్‌లో పొమ్మనేవారు. చెవుల్లో ఆ చప్పట్లు ఇంకా మోగుతూ ఉండకపోతే ఇంత బాధ ఉండేది కాదని విలియమ్స్ తనతో అన్నట్టు కాంటర్ చెప్పుకున్నారు. 1919లో నటులు సమ్మె చేస్తే ఆ కబురు విలియమ్స్‌కు చెప్పినవారే లేరు. ఆయన మామూలుగా వేషం వేసుకుని వచ్చేసరికి హాలు ఖాళీ. సంగతి తెలిసి హాస్యనటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ పూనుకుని ఆయనను నటుల సంఘంలో చేర్పించారు.

విలియమ్స్ పోయిన చాలా ఏళ్లకు, 1952లో కాంటర్ తన టీవీ కార్యక్రమంలో చెమటతో తడిసిన నల్లజాతి యువ కళాకారుడు సామీ డేవిస్ జూనియర్ ముఖాన్ని తన చేతిరుమాలుతో తుడిచారు. దూషిస్తూ ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. కాంటర్ వెనక్కి తగ్గలేదు, డేవిస్‌ను మళ్లీ పిలిచారు. స్నేహమంటే ఏం చేయాలో ముప్పై ఏళ్ల ముందే విలియమ్స్ పక్కన నిలబడి నేర్చుకున్నవాడాయన.

1922 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో ఆడుతూ ఆడుతూ విలియమ్స్ కుప్పకూలారు. అదీ హాస్యమేననుకుని జనం నవ్వారు. మార్చి 4న న్యూయార్క్‌లో కన్నుమూశారు, వయసు 47. ఆ మసిముఖం తర్వాతి తరాలకు చూడటానికే కష్టమైంది. దానితోపాటు ఆ కళ కూడా మరుగున పడింది. 1913లో తీసి, పూర్తి చేయకుండా వదిలేసిన ఆయన సినిమా రీళ్లు న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో దశాబ్దాల పాటు మూలన పడి ఉండి, 2014లో గానీ ప్రేక్షకుల ముందుకు రాలేదు.

ముక్కలు లేని ఆ పేకాట మాత్రం 1916 నాటి 'ఎ నేచురల్ బార్న్ గ్యాంబ్లర్' అనే మూకీలో మిగిలింది. ఒక్కసారి చూడండి. మసిని దాటి, ఆ చేతులను చూడండి.