నీరు తీసే వేళకు పడవలో ఉండాలి

కోల్‌కతాలో చలి మొదలైందంటే తెలుగువాళ్ల ఇళ్లలో ప్రయాణాల మాటలు మొదలవుతాయి. శనాదివారాలకు ఇంకొక్క సెలవు కలిస్తే చాలు, దీఘాకా, మందార్‌మణికా, బక్‌ఖాలికా అని చర్చ. ఊరి నుంచి చుట్టాలు దిగితే ఆ చర్చకు అంతుండదు. నన్నడిగితే నేను చెప్పేది సుందర్‌బన్. వెంటనే ఎదురయ్యే ప్రశ్న, "పులి కనిపిస్తుందా?" 2022 లెక్కింపులో మన దేశం వైపు సుందర్‌బన్‌లో తేలిన పులులు సుమారు 100. అప్పటికి అక్కడి టైగర్ రిజర్వ్ 2,585 చదరపు కిలోమీటర్లు. పడవ దిగి అడవిలో కాలు పెట్టనివ్వరు. కాబట్టి పులిని అదృష్టానికి వదిలేయాలి. నేను ముందుగా కనుక్కునేది, మనం వెళ్లే రోజుల్లో నీరు ఎప్పుడు ఎక్కుతుంది, ఎప్పుడు తీస్తుంది అని. అక్కడ తిండీ, పడవా, జంతువూ అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఆరు గంటల పైచిలుకు నీరు ఎక్కుతుంది, దాదాపు అంతసేపే దిగుతుంది. చంద్రుడి వెంట నడిచే లెక్క గనుక రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పౌర్ణమి, అమావాస్యలకు వచ్చే పెద్ద పోటును బెంగాలీలు భరా కోటాల్ అంటారు. అష్టమి చుట్టుపక్కల మెత్తబడే పోటును మరా కోటాల్ అంటారు. ఇది తెలుసుకోవడానికి అడవిదాకా వెళ్లనక్కర్లేదు. బాబూఘాట్‌లోనో బాగ్‌బజార్‌లోనో మెట్ల మీద ఓ పూట కూర్చుంటే హుగ్లీ నది వెనక్కి పారడం కళ్లారా చూడవచ్చు. కాకపోతే ఇక్కడ నది ఎటు పారినా మన బస్సు ఆగదు, ఆఫీసు ఆగదు. అక్కడ అన్నీ ఆగుతాయి. సన్నని ఖాళ్లలోకి (బెంగాలీలు పాయను ఖాళ్ అంటారు) పడవ పోవాలంటే పోటు ఉండాలి. ఒడ్డున బురద మేట బయటపడాలంటే పాటు రావాలి. పెద్ద పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో నాలుగైదు మీటర్ల దాకా తేడా వస్తుంది. మధ్యాహ్నం నీళ్లలో మునిగిన చెట్టు సాయంత్రానికి మనిషెత్తు వేళ్ల మీద నిలబడి కనిపిస్తుంది.

సియాల్దాలో దక్షిణపు లోకల్ ఎక్కితే క్యానింగ్ 45 కిలోమీటర్లు. అక్కడి నుంచి మాత్లా వంతెన దాటి గోద్‌ఖాలి రేవు. కారులో నేరుగా వెళితే మూడు గంటలు. చాలామంది అలాగే వెళతారు. నేను మాత్రం రైలే ఎక్కుతాను, కారణం క్యానింగ్. ఇక్కడ కలకత్తాకు పోటీగా రేవు కట్టాలని కుంపిణీవాళ్లు ఉబలాటపడుతున్నప్పుడు హెన్రీ పిడింగ్టన్ 1853లోనే గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా హెచ్చరిక రాశాడు. ఇక్కడ ఊరు కడితే ఒకనాడు తుఫాను తెచ్చే ఉప్పెన దాన్ని ముంచేస్తుందని ఆ హెచ్చరిక. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న 'సైక్లోన్' అనే మాటను పుట్టించింది ఈయనే. 1789లోనూ 1839లోనూ మన గోదావరి మొగన ఉన్న కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టిన సంగతి బంగాళాఖాతం తుఫానుల మీదే ఏళ్ల తరబడి పనిచేసిన ఆ మనిషికి తెలియనిది కాదు. ఆయన మాట ఎవరూ వినలేదు. రేవు కట్టారు, రైలు వేశారు. 1867 నవంబరులో ఉప్పెన వచ్చింది. రేవు పోయింది, రైలు మిగిలింది. ఆ పట్టాల మీదే ఇప్పుడు తెల్లవారకముందు లోకళ్లలో చేపల బుట్టలు, పీతల బుట్టలు కోల్‌కతా చేరుతున్నాయి.

మొన్న చలికాలంలో మా పిన్ని వచ్చింది. ఆవిడది కోరంగి పక్కనే తాళ్లరేవు. గోద్‌ఖాలిలో పడవ ఎక్కి, గోసాబా దాటి, మొదటి అడవి గట్టు కనబడగానే లేచి నిలబడింది. "ఒరేయ్, అది మన తిల్ల చెట్టు కాదట్రా? పాలు కంట్లో పడితే చూపు పోద్దని మా నాన్న కొమ్మ కూడా తాకనిచ్చేవాడు కాదు. ఆ పక్కది మడ. వేళ్లు చూడు, బురదలోంచి పైకి ఎలా పొడుచుకొచ్చాయో!" తిల్లను ఇక్కడ గేవా అంటారు, మడను బాయెన్ అంటారు. సరంగు చుక్కాని దగ్గర నుంచే తల ఊపాడు. "మాసీమాకు అడవి తెలుసు" అన్నాడు. ఆ క్షణం నుంచి పడవలో పిన్ని హోదా మారిపోయింది. చూడదగ్గది ఏది కనబడినా సరంగు ముందు ఆవిడకే చెప్పేవాడు.

ఈ సరంగుల పనితనం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. భట్‌భటి అనే డీజిల్ పడవ నడపడం ఒక్కటే కాదు వాళ్ల పని. నది మలుపులో అడుగున మేట ఎక్కడ కదిలిందో నీటి రంగు చూసి పసిగడతారు. పోటు మొదలవుతున్న గడియను ఒడ్డు వెంట కొట్టుకుపోయే ఆకుల కదలికను బట్టి చెబుతారు. ఆకు సముద్రం వైపు పోతూ పోతూ ఒకచోట ఆగి, నిలబడి, వెనక్కి తిరుగుతుంది. మేం ఆ ఆకును చూస్తూ కూర్చున్నప్పుడు పడవ ఇంజను ఆపేసి ఉంది. వంటవాడు సైతం గరిటె పట్టుకుని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

సుధన్యాఖాలి దాటాక ఒక ఖాళ్ మొగలో నీరు బాగా తీసిన వేళ మా సరంగు పడవను గట్టుకు దగ్గరగా నిలిపి, బురద మీద వరసగా ఉన్న పులి అడుగులు చూపించాడు. పొద్దునదే అన్నాడు. ఎలా తెలుసు దాదా అని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఈ బురద పోటుకల్లా మునుగుతుంది, మునిగిన గుర్తు మిగలదు. కనుక అడుగు కనబడిందంటే అది గత పోటు తర్వాతిదే. ఇక పులి నది ఈది ఈ గట్టున ఎక్కింది. మొదటి అడుగు పడిన చోటే అప్పటి నీటి అంచు. ఆ అడుగుకూ ఇప్పటి నీటి అంచుకూ మధ్య ఎంత బురద తేలిందో చూస్తే, నీరు అంతమేర దిగడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాడికి పులి దాటిన వేళ తెలిసిపోతుంది. ఆయన చూపుతో కొలిచి రెండు గంటలు అన్నాడు. గడియారం చూడలేదు. పులిని చూడనేలేదు గానీ, అది ఎక్కడ నీళ్లలో దిగింది, ఎక్కడ ఒడ్డెక్కింది, ఎటు పోయింది అన్నీ మా కళ్లముందు రాసి ఉన్నాయి. ఆ రోజు పడవలో ఎవరికీ వెలితి అనిపించలేదు.

ఆ బురదనే ఇంకాస్సేపు చూడాలి. ముందు ఏమీ కదలదు. పడవ చప్పుడు సద్దుమణిగాక బురద నిండా బొరియలని తెలుస్తుంది. ఒక్కో బొరియలోంచి గోరంత ఎర్ర పీత బయటికి వచ్చి, ఒంటికి మించిన ఒకే ఒక డెక్క ఎత్తి దించుతుంది. పక్కన రెండు రెక్కల మీద పాకే చిన్న చేప, ఉబ్బిన కళ్లతో, నీళ్లలోనూ కాదు నేల మీదా కాదు. ఎక్కడో కొమ్మ మీద నారింజ రంగు పొట్ట, గోధుమ రంగు రెక్కల లకుముకి. దాని చూపంతా ఆ చేప మీదే. నీటి అంచున దుంగలా పడి ఉన్న ఉప్పునీటి మొసలి ఎండ కాచుకుంటోంది. కేవ్‌డా చెట్ల మీద కోతులు ఆకులు తుంచి పారేస్తుంటే కింద చుక్కల దుప్పులు ఏరుకు తింటున్నాయి. నీరు తీసినప్పుడే ఇదంతా. పోటు మీద వెళ్లేవారికి పచ్చటి గోడ, బూడిదరంగు నీళ్లు తప్ప ఏమీ కనబడవు. అందుకే ప్రయాణం మాట్లాడుకునేటప్పుడే పాటు ఏ పూట పడుతుందో అడగమని అందరికీ చెబుతుంటాను.

తిండి విషయానికొస్తే, ఆ పడవ వంటగది ఎంతదనుకున్నారు? వెనకవైపు ఒక మనిషి తిరగడానికి చాలేంత చోటు, రెండు పొయ్యిలు, ఒక సన్నికల్లు. పొద్దున్నే గోసాబా బజారులో కొన్న పార్శే చేపలు, అరచెయ్యంత పొడవు, చలికాలం గనుక కడుపు నిండా గుడ్లతో. వంటవాడు ఆవాలను పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి నూరాడు. ఉప్పూ మిరపా కలవకుండా నూరితే ఆవ చేదెక్కుతుంది. పనసపొట్టు కూరకు ఆవ పెట్టే ఇంట్లో పుట్టిన పిన్నికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ పక్కన కూర్చుని, "నూనె తగ్గించు నాయనా" అని తెలుగులో చెబుతూనే ఉంది, అతను ఆవనూనె పోస్తూనే ఉన్నాడు. చేపకు ఉప్పు, పసుపు పట్టించి పైపైన వేయించి, కాలో జీరే (నల్ల జీలకర్ర) తాలింపులో ఆవ ముద్ద, నీళ్లు పోసి, ఒక్క పొంగు రాగానే చేపలు వదిలి దించేశాడు. వేడన్నంలో ఆ పులుసు కలుపుకుంటే ముక్కులోకి ఘాటెక్కి కళ్లు చెమర్చాయి. చింతపండు లేకుండా చేపల పులుసేమిటన్న మనిషి రెండోసారి వడ్డించుకుంది.

రాత్రికి మండపీత. అల్లం, వెల్లుల్లి, ఉల్లి, బంగాళాదుంప ముక్కలతో ఇగురు. అమావాస్య దగ్గర పీతలు గట్టిగా ఉంటాయనీ, వెన్నెల రోజుల్లో గుల్లగా ఉంటాయనీ తాళ్లరేవులో అంటారని పిన్ని చెప్పింది. ఇక్కడా అదే మాట అంటామని వంటవాడు అన్నాడు. వానాకాలంలో అయితే హిల్సా పండగలని పేరు పెట్టి పడవలు నడుపుతారు. గోదావరి పులస రుచి ఎరిగిన నాలుక ఇక్కడి హిల్సాను కాదనలేదు. అయినా నాకు చలికాలపు పార్శే, టెంగ్రా చాలు. ఆ గడ్డ రుచి వాటిలోనే ఉంది. తిరుగు ప్రయాణంలో తేనె కొనాలి. ఏప్రిల్‌లో ఖల్సీ పూలు పూసినప్పుడు పట్టే తేనె పలచగా, లేత రంగులో, కొంచెం పుల్లగా ఉంటుంది. 2024 జనవరిలో సుందర్‌బన్ తేనెకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ తేనె పట్టేవాళ్లను మౌలేలు అంటారు. పులి ఉన్న అడవిలోకి ఎండుటాకుల పొగ, కత్తి పట్టుకుని కాలినడకన పోతారు. తిరిగిరాని వారి భార్యలున్న ఇళ్లు ఈ దీవుల్లో చాలా ఉన్నాయి. అడవిలోకి పోయేముందు హిందువులూ ముస్లిములూ కూడా బొన్‌బీబీకి మొక్కుతారు. సజ్‌నేఖాలిలో ఆవిడ గుడి ఉంది. ఆశపడి తేనె కోసం పిల్లవాడు దుఖేను పులి రూపంలోని దక్షిణ్ రాయ్‌కు వదిలేసిన ధొనా కథ అక్కడ పసిపిల్లలు కూడా చెబుతారు. బొన్‌బీబీ ఆ పిల్లవాణ్ని కాపాడింది. ఆవిడ పెట్టిన కట్టుబాటు, అడవిలోకి ఖాళీ చేతులతో, శుభ్రమైన మనసుతో రావాలి, అవసరానికి మించి తీసుకోకూడదు అని. మనలాంటి పర్యాటకులకు కూడా ఇంతకంటే మంచి నిబంధన నేను రాయలేను.

కానీ ప్రతి చలికాలం పిక్నిక్ పడవలు పెరుగుతున్నాయి. పై అంతస్తులో లౌడ్‌స్పీకరు, పాటలు, ప్లేట్లు నీళ్లలోకి. పడవ చప్పుడు నాకు అభ్యంతరం కాదు, అది లేకుండా కుదరదు. స్పీకరు మాత్రం లకుముకినీ, దుప్పినీ, మన పక్క పడవలోని మనిషినీ కలిపి అవమానిస్తుంది. బేరం కుదుర్చుకునేటప్పుడే స్పీకరు వద్దని, ఖాళ్‌లోకి వెళ్లాక ఇంజను ఆపాలని గట్టిగా చెబితే సరంగులు సంతోషిస్తారు. వాళ్లకూ అదే ఇష్టం.

అంతకంటే నన్ను బాధపెట్టేది, ఈ దీవులను తీరికగా చూసి వచ్చే మనం అక్కడి కరకట్టను చూడకపోవడం. మనుషులుండే 54 దీవులు మట్టికట్టల వెనకే బతుకుతున్నాయి. 2009 మే 25న ఐలా తుఫానుకు కట్టలు తెగి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. ఏళ్లపాటు వరి సరిగా పండలేదు. మగవాళ్లు కేరళకో తమిళనాడుకో కూలికి పోయారు. నడుములోతు నీళ్లలో వల లాగుతూ రొయ్యపిల్లలు ఏరే ఆడవాళ్లను ఇప్పటికీ పడవలోంచి చూస్తాం. ఆ నీళ్లలోనే మొసళ్లున్నాయి. 2020లో ఆంఫన్, మరుసటి ఏడు యాస్. ప్రతిసారీ కట్టకు ముందు మడ చెట్లున్న చోట దెబ్బ తక్కువ. అడవి నిలబెడుతున్న ఆ ఊళ్లకు మన డబ్బు చేరాలంటే బజారు చేప, ఊరివాడి పడవ, ఊరివాళ్ల ఇంటి బస ఎంచుకోవాలి. కోల్‌కతా నుంచి డబ్బాల్లో భోజనం మోసుకుపోకూడదు.

తిరిగొచ్చే దారిలో పిన్ని తాళ్లరేవు గురించే మాట్లాడింది. కోరంగి అభయారణ్యం 1978 నుంచి ఉంది, 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, నీటిపిల్లులు, నీటికుక్కలు. 1996 తుఫానులో మడ వెనక ఉన్న ఊళ్లు నిలబడిన సంగతి ఆవిడ స్వయంగా చూసింది. "అక్కడ పడవ ఎక్కితే అరగంటలో దింపేస్తారురా. పీత పులుసు వండి పెట్టేవాడు లేడు, పాటు దాకా ఆగేవాడు లేడు" అంది. మా పేటలో పడవలున్నవాళ్లు నలుగురున్నారు, అడిగి చూస్తానంది. రైలు దిగేలోపే తమ్ముడికి ఫోను చేసి, వచ్చే మాఘ అమావాస్యకు పాటు ఏ పూట పడుతుందో జాలర్లను కనుక్కోమని చెప్పింది.