అట్ట వెనుక పేర్లు: జాజ్ ఆల్బమ్‌ల సేకరణ – సహవాద్యకారుల కర్తృత్వం

వ్యాససంగ్రహం:
పాత జాజ్ రికార్డులను సేకరించేవారు అట్ట వెనుక ముద్రితమైన వాద్యకారుల పేర్లను పట్టుకొని ఒక ఆల్బమ్ నుంచి మరొక ఆల్బమ్‌కు వెళ్తుంటారు. ఈ అలవాటు కాలక్షేపంగానే మొదలైనా, దానికి ఒక పరిశోధనపద్ధతికి ఉండవలసిన లక్షణాలు ఉన్నాయి. 1956–61 మధ్య రికార్డు అయిన కొన్ని ఆల్బమ్‌లను, ముఖ్యంగా మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'ను ఆధారంగా తీసుకొని, నాయకుని పేరుతో ప్రచారమయ్యే రచనలో సహవాద్యకారుల పాత్రను రికార్డు ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ మరుగుపరుస్తుంది అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జాజ్, డిస్కోగ్రఫీ, కర్తృత్వం, సహవాద్యకారులు, పాఠభేదాలు, పాల్ ఛాంబర్స్, మోడల్ జాజ్, కర్ణాటక సంగీతం.

1. ప్రవేశిక:

భాస్కరరామాయణం ఒక్క భాస్కరుని రచన కాదు. హుళక్కి భాస్కరునితోపాటు మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు అందులో పాలుపంచుకున్నారు. అయినా గ్రంథానికి ఒక్కరి పేరే నిలిచింది. ఎవరు ఏ కాండ రాశారో తేల్చడానికి సాహిత్యచరిత్రకారులు గద్యలను, శైలిని, ప్రతులను ఆశ్రయించవలసి వచ్చింది. నన్నయ తన భారతావతారికలోనే నారాయణభట్టు సాయాన్ని చెప్పుకున్నాడు కాబట్టి ఆ పేరు మనకు దక్కింది. చెప్పుకోని సందర్భాలు ఎన్నో లెక్కకు అందవు.

జాజ్ రికార్డుల ప్రపంచంలో ఇదే సమస్య ఇరవయ్యో శతాబ్దపు రూపంలో ఎదురవుతుంది. ఆల్బమ్ నాయకుని పేరుతో అమ్ముడుపోతుంది, దుకాణంలో ఆ పేరు కిందే సర్దుబాటవుతుంది, చరిత్రగ్రంథాల్లో అధ్యాయం కూడా అతని పేరు మీదే ఉంటుంది. అట్ట తిప్పితే మాత్రం చిన్న అక్షరాల్లో మరో నలుగురో అయిదుగురో కనిపిస్తారు. ఈ చిన్న అక్షరాలను శాస్త్రీయంగా క్రోడీకరించే ప్రయత్నం చాలా ముందే మొదలైంది. ఫ్రెంచి విమర్శకుడు షార్ల్ డెలోనే తన 'హాట్ డిస్కోగ్రఫీ'ని 1936లో ప్రచురించాడు. ఏ తేదీన, ఏ ఊరిలో, ఎవరెవరు కూర్చుని వాయించారు అన్నదే అక్కడ ప్రధానం. అభిమానుల సేకరణ ఒక శాస్త్రంగా మారిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. మన తాళపత్రప్రతుల వివరణపట్టికలకు ఇది దూరపుబంధువు అనిపిస్తుంది.

2. ఒక పేరు వెంట:

నాయకుల పేర్ల వెంట వెళ్తే జాజ్ చరిత్ర కొద్దిమంది మహాపురుషుల కథగా కనిపిస్తుంది. సహవాద్యకారుల్లో ఒకరిని ఎంచుకొని వెళ్తే ఆ కథ ఆకారమే మారిపోతుంది. నేను ఎంచుకున్న పేరు పాల్ ఛాంబర్స్. 1935లో పిట్స్‌బర్గ్‌లో పుట్టిన ఈ బాస్ వాద్యకారుడు 1969 జనవరిలో 33 ఏళ్ళకే మరణించాడు.

1956 మే 24న సోనీ రోలిన్స్ 'టెనర్ మ్యాడ్‌నెస్' రికార్డు చేసినప్పుడు వెనుక ఉన్నది మైల్స్ డేవిస్ బృందపు వాద్యకారులే: పియానో మీద రెడ్ గార్లండ్, బాస్ మీద ఛాంబర్స్, డ్రమ్స్ మీద ఫిలీ జో జోన్స్. అదే బృందంలోని జాన్ కోల్ట్రేన్ శీర్షికాగీతంలో మాత్రం రోలిన్స్‌తో కలిసి వాయించాడు. ఆ ఇద్దరు టెనర్ శాక్సఫోన్ విద్వాంసులు కలిసి వాయించగా మనకు దొరికిన రికార్డు అదొక్కటే. 1957 జనవరిలో అదే ముగ్గురూ లాస్ ఏంజెలిస్‌లో ఆర్ట్ పెప్పర్‌తో ఒక ఆల్బమ్ చేశారు. దాని పేరు 'ఆర్ట్ పెప్పర్ మీట్స్ ది రిథమ్ సెక్షన్'. ఈ శీర్షికను కాస్త నిలబడి చదవాలి. ఆ ముగ్గురికి అప్పటికే ఎంత పేరుందంటే 'ఆ రిథమ్ సెక్షన్' అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. అయితే శీర్షికలో పేరు దక్కింది ఒక్క పెప్పర్‌కే. గౌరవం, విస్మరణ రెండూ ఒకే పదబంధంలో ఇమిడిపోయాయి.

అదే ఏడాది కోల్ట్రేన్ 'బ్లూ ట్రెయిన్'లోనూ బాస్ ఛాంబర్స్‌దే. 1959లో రికార్డయిన 'జైంట్ స్టెప్స్'లోనూ అతనే. ఆ ఆల్బమ్‌లోని 'మిస్టర్ పి.సి.' అనే రచన అతని పేరు మీదే ఉంది. 1961లో ఆలివర్ నెల్సన్ 'ది బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్'లో బిల్ ఎవాన్స్, ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడ్డీ హబ్బర్డ్, రాయ్ హేన్స్‌ల నడుమ మళ్ళీ అతనే. అయిదేళ్ళలో అయిదుగురు నాయకుల ప్రధానరచనలకు ఒకే మనిషి పునాది వేశాడు. శైలీభేదాలను బట్టి విమర్శకులు వేర్వేరు గదుల్లో ఉంచిన ఈ రికార్డులు బాస్ వైపునుంచి వింటే ఒకే ఇంటివి.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. అట్ట మీది సంవత్సరం విడుదల సంవత్సరమే తప్ప వాయించిన సంవత్సరం కాకపోవచ్చు. డేవిస్ బృందం ప్రెస్టీజ్ సంస్థతో ఒప్పందం తీర్చుకోవడానికి 1956 మే, అక్టోబరు నెలల్లో రెండు రోజులపాటు వాయించినదే ప్రధానంగా నాలుగు ఆల్బమ్‌లుగా విడివిడిగా వెలువడింది. వాటిలో 'స్టీమిన్' 1961 దాకా రాలేదు. అప్పటికి 'కైండ్ ఆఫ్ బ్లూ' వచ్చి రెండేళ్ళు. విడుదలక్రమంలో విన్న శ్రోతకు డేవిస్ ముందుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చినట్టు తోస్తుంది. రచనాకాలాన్ని, ముద్రణకాలాన్ని ఒకటిగా తీసుకుంటే కవి పరిణామాన్ని గురించి ఎలాంటి పొరపాట్లు జరుగుతాయో సాహిత్యపరిశోధకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

3. 'బ్లూ ఇన్ గ్రీన్' ఎవరిది?

'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా సంస్థ 30వ వీధి స్టూడియోలో రికార్డయింది. (రెండో తేదీ ఛాంబర్స్ 24వ పుట్టినరోజు, అట్ట మీద ఆ సంగతి ఉండదు.) ట్రంపెట్ డేవిస్, శాక్సఫోన్లు కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, డ్రమ్స్ జిమ్మీ కాబ్. పియానో విషయంలోనే ఒక చిక్కు ఉంది. అప్పటికి బృందంలో స్థిరంగా ఉన్నది వింటన్ కెల్లీ. కానీ ఈ ఆల్బమ్‌లో అతను 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్' ఒక్కదానిలోనే వినిపిస్తాడు. మిగిలిన నాలుగింటికి, అంతకుముందే బృందాన్ని విడిచివెళ్ళిన బిల్ ఎవాన్స్‌ను డేవిస్ పిలిపించాడు. అట్ట వెనుక వ్యాఖ్యను కూడా ఎవాన్సే రాశాడు. జపాను సిరాచిత్రలేఖనంతో ఆశుసంగీతాన్ని పోల్చిన ఆ వ్యాఖ్య ఆల్బమ్ అంత ప్రసిద్ధం. వ్యాఖ్యానం చేసే గౌరవం సహవాద్యకారునికి దక్కిందన్నమాట. రచనాకర్తృత్వం మాత్రం మొత్తంగా డేవిస్‌కే దక్కింది.

వివాదం 'బ్లూ ఇన్ గ్రీన్' గురించి. తర్వాతి కాలపు ఇంటర్వ్యూల్లో ఎవాన్స్ ఆ రచన తనదని చెప్పాడు. కేవలం ఈ మాట మీద ఆధారపడి తీర్పు చెప్పలేం. సేకరించేవారి పద్ధతి ఉపయోగపడేది ఇక్కడే. ఎవాన్స్ పేరు వెంట ముందుకు వెళ్తే 1959 డిసెంబరులో స్కాట్ లఫారో, పాల్ మోషన్‌లతో చేసిన 'పోర్ట్రెయిట్ ఇన్ జాజ్' దొరుకుతుంది. అందులో అదే రచన డేవిస్, ఎవాన్స్ ఇద్దరి పేరుతో ఉంది. వెనక్కి వెళ్తే మరింత విలువైన ఆధారం ఉంది. చెట్ బేకర్ 'చెట్' ఆల్బమ్‌లోని 'అలోన్ టుగెదర్' 1958 డిసెంబరులో రికార్డయింది. ఆ పాత పాటకు ఎవాన్స్ పియానో మీద కట్టిన ఉపక్రమం వింటే 'బ్లూ ఇన్ గ్రీన్' స్వరసంగతుల నడక స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడా బాస్ ఛాంబర్స్‌దే. నా దగ్గరున్నది ఆ ఆల్బమ్ పునర్ముద్రణే. తొలిముద్రణ ధర అధ్యాపకుల జీతానికి అందేది కాదు. అయితే ఈ వాదానికి పునర్ముద్రణ చాలు. తొలిముద్రణల వేటనే సేకరణగా భావించేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. వారికి కావలసింది వస్తువు. పరిశోధనకు కావలసింది పేర్లు, తేదీలు, చెవి.

ఈ ఆధారాలను బట్టి 'బ్లూ ఇన్ గ్రీన్' స్వరసంగతుల నిర్మాణం ప్రధానంగా ఎవాన్స్‌దేనని నా అభిప్రాయం. అలాగని డేవిస్ పాత్రను కొట్టివేయలేం. ఆడర్లీని ఆ ఒక్క రచనలో పక్కనపెట్టడం, మూగకట్టు బిగించిన ట్రంపెట్‌తో ఆ నిశ్శబ్దాన్ని నడపడం నాయకుని నిర్ణయాలు. జాజ్‌లో 'రచన' అన్న మాట స్వరాలు కూర్చడంతో ముగిసిపోదు. ఎవరు వాయించాలో, ఎవరు ఊరుకోవాలో నిర్ణయించడం కూడా రచనే. చట్టం మాత్రం మొదటిదాన్నే గుర్తిస్తుంది, రాయల్టీ దానికే.

పేర్లు దాచిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1953లో టొరంటోలో జరిగిన మాసీ హాల్ కచేరీ రికార్డు మీద చార్లీ పార్కర్ 'చార్లీ చాన్'గా కనిపిస్తాడు. మరో సంస్థతో అతనికి ఒప్పందం ఉండటమే కారణం. 1958లో లూయిస్ స్మిత్ తొలి ఆల్బమ్‌లో ఆడర్లీ 'బక్‌షాట్ లా ఫంకీ' అయ్యాడు. అట్టను నమ్మితే వీరిద్దరూ అసలు అక్కడ లేరు. శాక్సఫోన్ నాదాన్ని గుర్తుపట్టిన శ్రోత చెవి అట్ట కంటే నమ్మదగిన సాక్ష్యం అయింది. ఆడర్లీ పేరుతో 1958లో వచ్చిన 'సమ్‌థిన్ ఎల్స్' ఇందుకు భిన్నమైన ఉదాహరణ. అక్కడ డేవిస్ సహవాద్యకారుడు. కానీ ఆల్బమ్ స్వభావం ఆసాంతం అతనిదే. నాయకుడు ఎవరో అట్ట చెప్పేది ఒకటి, సంగీతం చెప్పేది మరొకటి.

4. పాఠభేదాలు:

'కైండ్ ఆఫ్ బ్లూ' తొలిప్రతుల్లో రెండోవైపు శీర్షికలు తారుమారయ్యాయి. 'ఆల్ బ్లూస్' ఉండవలసిన చోట 'ఫ్లమెంకో స్కెచెస్' అని ముద్రితమైంది. లేఖకప్రమాదం అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇంతకంటే తీవ్రమైనది మొదటివైపు సంగతి. మార్చి 2 నాటి టేపుయంత్రం ఉండవలసిన వేగం కంటే కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. సరైన వేగంతో వినిపించినప్పుడు ఆ మూడు రచనలూ స్వల్పంగా హెచ్చుశ్రుతిలో వినిపించాయి. ముప్పై ఏళ్ళకు పైగా లోకం విన్నది ఈ పాఠమే. అదే రోజు మరో యంత్రం మీద నడిచిన అదనపు టేపు ఆధారంగా 1990లలో దీన్ని సవరించారు. ఆ మధ్యకాలంలో రికార్డుతోపాటు వాయిస్తూ సాధన చేసిన విద్యార్థులు తమ వాద్యంలోనే దోషం ఉందనుకొని శ్రుతి మార్చుకొని ఉంటారు. పరిష్కృతపాఠం వచ్చాక కూడా పాతపాఠానికి అలవాటుపడ్డ చెవికి కొత్తది బరువుగా తోస్తుంది. ప్రచారంలో స్థిరపడిన పాఠానికి, మూలానికి మధ్య ఈ పెనుగులాట మన కావ్యపరిష్కర్తలకు చిరపరిచితమే.

5. రికార్డు చెప్పనిది:

ఈ పద్ధతికి పెద్ద పరిమితి ఒకటి ఉంది. అమెరికా వాద్యకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగును నిషేధించింది. పెద్దసంస్థల్లో డెక్కా 1943లో రాజీపడింది, కొలంబియా, ఆర్‌.సి.ఎ. విక్టర్ 1944 నవంబరు దాకా పట్టు విడవలేదు. సరిగ్గా ఆ వ్యవధిలోనే బీబాప్ రూపుదిద్దుకుంది. పార్కర్, డిజీ గిలెస్పీ కలిసి ఉన్న 1943 నాటి ఎర్ల్ హైన్స్ బృందం ఒక్క రికార్డు కూడా విడుదల చేయలేకపోయింది. అందువల్ల అట్టల మీది పేర్లనే నమ్మి చరిత్ర రాస్తే ఒక శైలి అకస్మాత్తుగా ఊడిపడినట్టు కనిపిస్తుంది. నన్నయకు పూర్వం తెలుగుపద్యం లేదనడం ఎంత తొందరపాటో ఇదీ అంతే. మనకు అద్దంకి శాసనంలోని తరువోజ దొరికింది. హైన్స్ బృందానికి అలాంటి శిల ఏదీ మిగల్లేదు.

మన పరిస్థితి మరింత శోచనీయం. తెలుగు సినిమాపాటల గ్రామఫోన్ రికార్డుల మీద గాయకుల పేర్లు, సంగీతదర్శకుని పేరు, గీతరచయిత పేరు ఉంటాయి. వయొలిన్, వేణువు, తబలా వాయించినవారి పేర్లు సాధారణంగా ఉండవు. ఛాంబర్స్ వెంట వెళ్ళినట్టు మన వాద్యకారుల్లో ఒకరి వెంట వెళ్దామంటే పట్టుకోవడానికి కొస దొరకదు. ఆ తరం వాద్యకారుల్లో జీవించి ఉన్నవారి నుంచి మౌఖికంగా వివరాలు సేకరించే పని విశ్వవిద్యాలయాలు చేపట్టవలసినది. దానికి ఉన్న వ్యవధి ఏటేటా తగ్గుతోంది.

6. పాలకొల్లు దాకా:

ఛాంబర్స్ మరణించిన సుమారు ఆరువారాలకు, 1969 ఫిబ్రవరి 18న, డేవిస్ 'ఇన్ ఎ సైలెంట్ వే' రికార్డు చేశాడు. ఇంగ్లండ్ నుంచి అప్పుడే వచ్చిన జాన్ మెక్‌లాఫ్లిన్ అందులో గిటారు వాయించాడు. అతనే 1970లలో ఎల్. శంకర్, జాకీర్ హుసేన్, విక్కు వినాయకరామ్‌లతో 'శక్తి' బృందాన్ని నడిపాడు. 1990ల చివర 'రిమెంబర్ శక్తి'గా అది పునరుజ్జీవించినప్పుడు మాండలిన్ మీద చేరినవాడు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. 2000లో వచ్చిన 'ది బిలీవర్'లో ఆ నలుగురి పేర్లు వరుసగా చదవవచ్చు: మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుసేన్, శ్రీనివాస్, సెల్వగణేశ్. పాలకొల్లు నుంచి 'కైండ్ ఆఫ్ బ్లూ'కు నడుమ ఇద్దరే మనుషులు.

ఈ గొలుసును చూసి మురిసిపోవడం తేలిక. దాన్ని ప్రభావంగా లెక్కించడం మాత్రం తప్పు. ఒకే గదిలో కూర్చోవడం వేరు, విద్య చేతులు మారడం వేరు. ఈ ప్రలోభానికి ఊతమిచ్చే అంశం ఒకటుంది: 'సో వాట్'కు ఆధారమైన డోరియన్ స్వరశ్రేణి మన ఖరహరప్రియ స్వరాలతో సరిగ్గా సరిపోతుంది. అందుకని అది ఖరహరప్రియ కాదు. ముప్పైరెండు ఆవృత్తాల ఆ రచనలో పదిహేడో ఆవృత్తం దగ్గర షడ్జమే అరస్వరం పైకి జరిగి, ఎనిమిది ఆవృత్తాల తర్వాత తిరిగి యథాస్థానానికి వస్తుంది. తంబురా నిలిపిన షడ్జం మీద రాగాన్ని విస్తరించే కర్ణాటక సంప్రదాయంలో ఆ జరుగుబాటుకు చోటు లేదు. పైగా గమకం లేకుండా స్వరాలను వరుసగా పేర్చితే మేళం అవుతుంది కాని రాగం కాదు. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ మీద సాధించినది ఆ గమకాన్నే. మెక్‌లాఫ్లిన్‌తో వాయించినప్పుడు కూడా అతని చేతిలో అది సడలలేదు. ఎదురుగా కూర్చున్న గిటారే చాలాచోట్ల ఆ వంపును అందుకోవడానికి ప్రయత్నించడం వినిపిస్తుంది.