ఒకే బల్ల, రెండు బోధలు



కోతలు ముగిసిన పిమ్మట పల్లెలో ఇంటి ప్రార్థన కూటము జరుగుచున్నదనుకొనుడి. పాట అయినది, వాక్యము చదువబడినది. అప్పుడొక యౌవనుడు, "అయ్యగారూ, ఒకసారి రక్షింపబడినవాడు మరల నశించునా?" అని అడుగును. ఒక పెద్ద యోహాను 10:28 చూపి, ప్రభువు చేతిలోనుండి మనలను ఎవడును లాగుకొనలేడని చెప్పును. మరియొక పెద్ద హెబ్రీ 6వ అధ్యాయము తెరచి, తొలగిపోవువారికైన హెచ్చరికను చూపును. ఇద్దరును ఒకే గుడిలో బాప్తిస్మము పొందినవారే, ఒకే బల్లయొద్ద మోకరించువారే. ఇట్టి రెండు బోధలు ఒకే సంఘశాఖలో ఇమడగలవా?

ఇది మన కృష్ణా డెల్టాకు పరాయి ప్రశ్న కాదు. 1841లో నోబులుగారును ఫాక్సుగారును బందరునకు వచ్చిరి. వారిని పంపిన చర్చి మిషనరీ సొసైటీ 1799లో ఇంగ్లాండు సంఘములో పుట్టినది. ఆ సంఘపు 39 మతసూత్రములలో 17వది దేవుని ఏర్పాటును గూర్చినది. వెస్లీగారు 1784లో అమెరికా మెతడిస్టుల కొరకు ఆ సూత్రములను కుదించినప్పుడు ఈ 17వ సూత్రమునే విడిచిపెట్టిరి. అయితే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, మన డెల్టాలోని ఆంగ్లికను సంఘములును, మెదకు ప్రాంతపు వెస్లియను సంఘములును, కడప ప్రాంతపు లండను మిషను సంఘములును ఒకే ఇల్లయినవి. సూత్రమును ఉంచుకొన్నవారును దానిని తీసివేసినవారును ఒకే బల్లకు వచ్చిరన్నమాట.

ఈ భేదమును గూర్చిన రెండు పాత వ్రాతలను పరీక్షింతము. 1739లో వెస్లీగారు "ఉచిత కృప" అను ప్రసంగము ప్రకటించిరి. కృప అందరి కొరకైనదని అందు ఆయన చెప్పినది 1 తిమోతి 2:4కు తగియున్నది. కాని ఎదుటివారి బోధ దేవుని సాతానుకంటె క్రూరునిగా చేయునని కూడ వ్రాసిరి. ఆ మాట వాదమును దాటి గాయము చేసినది. ఆయన స్నేహితుడైన వైట్‌ఫీల్డుగారు 1740 డిసెంబరులో ప్రత్యుత్తరము వ్రాసిరి. ఏర్పరచబడినవారెవరో మనకు తెలియదు గనుక అందరికిని సువార్త ప్రకటింపవలెనని ఆయన చెప్పినది మెచ్చదగినది. అయితే వెస్లీగారు చీట్లు వేసి ఆ ప్రసంగ విషయము నిర్ణయించుకొన్న ఆంతరంగిక సంగతిని ఆయన అందులో బయటపెట్టిరి. అది తప్పు, ఆయనయే తరువాత విచారించిరి. వారి అనుచరులు విడిపోయిరి. వారిద్దరు మాత్రము మరణమువరకు ఇంగ్లాండు సంఘపు గురువులుగానే యుండిరి. 1770లో వైట్‌ఫీల్డుగారు మరణించినప్పుడు, ఆయన కోరిక చొప్పున లండనులో సంస్మరణ ప్రసంగము చేసినది వెస్లీగారే.

మూడవ సాక్ష్యము ఒకటున్నది. చర్చి మిషనరీ సొసైటీ స్థాపనకు పాటుపడిన సిమియనుగారు ఏర్పాటు బోధను నమ్మినవారు. యౌవనమందు ఆయన వృద్ధుడైన వెస్లీగారిని కలిసికొని కొన్ని ప్రశ్నలు అడిగిరి. దేవుడే మొదట మీ హృదయమును కదలింపనియెడల మీరు ఆయనవైపు తిరిగియుందురా? మీ క్రియలవలన రక్షణ దొరకునను నిరీక్షణ మీకున్నదా? ఇట్టి ప్రశ్నలన్నిటికి ఇద్దరి జవాబు ఒక్కటే అయినది. ఇంతే నా బోధ అని సిమియనుగారు సంతోషించిరి.

ఈ సంభాషణ మధురమైనది, కాని సంపూర్ణమైనది కాదు. దేవుని చేతులలోనున్న బిడ్డ తానే పెనగులాడి జారిపోగలడా అను ప్రశ్న అక్కడ అడుగబడలేదు. మన యౌవనుడు అడిగినది అదే! కనుక ఆ ఇద్దరు ప్రార్థనలో ఏకమైరనుట నిజము. సిద్ధాంతములో భేదమే లేదనుట నిజము కాదు. లేనిదనుకొని కప్పిపుచ్చిన భేదము గట్టు క్రింది ఎలుక బొరియవంటిది. వరద వచ్చినప్పుడు గండి అక్కడనే పడును.

1855లో కృష్ణానదిపై ఆనకట్ట ముగిసినది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. రైతు నీటిని పుట్టించలేదు, తూము తెరచెనంతే అని మన ప్రసంగీకులు కృపకు ఉపమానము చెప్పవచ్చును. నీరు రైతుది కాదని ఇరువురును ఒప్పుకొందురు. తూము తెరచిన చేతికి బలమిచ్చినదెవరు, ఆ చేయి దానిని మరల మూయగలదా అనునదే వారి వివాదము. ఫిలిప్పీ 2:12, 13 వచనములలో పౌలు భయముతో ప్రయాసపడుడనియు, మీలో పనిచేయువాడు దేవుడే అనియు ఒక్క ఊపిరిలో చెప్పెను. మనము వాటిని రెండుగా చీల్చి పోట్లాడుచున్నాము.

ఈ వివాదము గ్రంథములలోనే ఆగిపోదు. ఒకప్పుడు భక్తిగా నడచి, తరువాత త్రాగుడులో పడిన సహోదరుడు చనిపోయెననుకొనుడి. సమాధియొద్ద ఒకడు, "వాడెన్నడును రక్షింపబడలేదు" అనును. మరియొకడు, "రక్షణ పోగొట్టుకొన్నాడు" అనును. తల్లి ఇద్దరి మాటలును వినును. ఆ ఇద్దరి బోధలు వేరైనను పాపము ఒక్కటే: దేవునికి మాత్రము తెలిసినదానిని తమకు తెలిసినట్లు పలికిరి.

దక్షిణ ఇండియా సంఘపు ఐక్యతాధారము, లోకరక్షకుడైన క్రీస్తునందే కృపచేత విశ్వాసముద్వారా రక్షణయని చెప్పి, విశ్వాస ప్రమాణములలోని ప్రతి మాటకు ఒకే వివరణను బలవంతము చేయక విడిచినది. అది చాలునా? కాగితముమీద చాలును, పల్లెలో చాలదు. వణకుచున్న ఆత్మకు యోహాను 10వ అధ్యాయమును, నిర్లక్ష్యముగా నున్నవానికి హెబ్రీ 6వ అధ్యాయమును చదివి వినిపించు కాపరి అక్కడ కావలెను. తనకు నచ్చిన వచనమునే ఎల్లప్పుడు చదువువాడు సగము బైబిలునే బోధించుచున్నాడు.

కాబట్టి ఈ రెండు బోధలు ఒకే సంఘములో ఉండవచ్చును. ఉండలేనిది వేరొకటున్నది. కానుకలవలననో, క్రైస్తవ కుటుంబములో పుట్టుటవలననో రక్షణ కలుగునను బోధకు ప్రభువు బల్లయొద్ద చోటు లేదు. అది క్రీస్తును ప్రక్కకు నెట్టును.

ప్రియ సహోదరీ సహోదరులారా, వచ్చే ఆదివారము బల్లయొద్దకు వెళ్లినప్పుడు మీ ప్రక్కన మోకరించినవాని బోధను తూచకుడి. అతని చేయియు మీ చేయివలెనే వట్టిదిగా చాపబడియున్నదేమో చూడుడి. వట్టి చేతులను నింపువాడు ఒక్కడే. ఆయనకే మహిమ కలుగును గాక.