చివరగా పూసిన మొక్కదే విత్తనం

లెట్యూస్ అంటే ప్లాస్టిక్ సంచిలో వచ్చే రుచీపచీ లేని ఆకు అనుకునేవాళ్ల చేతిలో ఒక్కసారి ‘ఫోరెల్లెన్‌ష్లుస్’ ఆకు పెట్టి చూడాలి. ఆస్ట్రియా వైపు పాత రకం అది. లేతపచ్చ ఆకు నిండా ముదురెరుపు చుక్కలు, ఎవరో కూర్చుని కుంచెతో చిలకరించినట్టు. ఫ్రాన్సు వాళ్ల ‘మెర్వెయ్ దె కాత్ర్ సెజోఁ’ అయితే బయటికి రాగిరంగు, లోపల లేతపసుపు. ‘టామ్ థంబ్’ పిడికిలంతే ఉంటుంది, పూలకుండీలోనూ గడ్డ కడుతుంది. ఇంత వైభవం ఉండగా అందరూ తినేది ఒక్క రకమా!

చరిత్ర జోలికి ఎక్కువ పోను. ప్రాచీన ఈజిప్టు వాళ్లు మిన్ దేవుడికి నైవేద్యం పెట్టేవారంటారు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ప్రతి సోమవారం కొద్దికొద్దిగా లెట్యూస్ చల్లాలని రాసుకున్నాడు. మంచి మాటే. కాకపోతే ఆయన ఎస్టేటు మాంటిచెల్లోలో ఆ మట్టి పని చేసింది వర్మ్‌లీ హ్యూస్ వంటి బానిస తోటమాలులు. పేరు మాత్రం దొరగారిది.

ఇక పనితనం. విత్తనాన్ని లోతుగా పాతిపెడితే మొలవదు, దానికి వెలుతురు తగలాలి. తడిమట్టి మీద చల్లి, అరచేత్తో అదిమి, పైన చిటికెడు మెత్తటి మట్టి రాలిస్తే చాలు. మట్టి వేడి 27 డిగ్రీలు దాటితే చాలా రకాలు మొలకెత్తకుండా ముడుచుకుంటాయి. అందుకే తెలిసినవాళ్లు సాయంత్రం చల్లబడ్డాక చల్లుతారు. కోత తెల్లవారుజామున, ఆకులో నీరు నిండుగా ఉన్నప్పుడు. విడి ఆకు రకాలకు చుట్టూ ఉన్న ఆకులే గిల్లి, నడిమి చిగురు వదిలేస్తే వారాల తరబడి కోసుకోవచ్చు. ఎండ ముదిరి పొద్దు పెరిగితే మొక్క నడుమ పూకాడ లేస్తుంది. ఆకుల్లో పాలు చిక్కబడి చేదెక్కుతాయి. చాలామంది అక్కడితో పీకి పారేస్తారు. అసలు విద్య మొదలయ్యేది అక్కడే.

ముందుగా కాడ లేచిన మొక్కను విత్తనానికి ఎప్పుడూ ఉంచకూడదు. అలా ఉంచుకుంటూ పోతే కొన్నేళ్లలో మడి మొత్తం తొందరపాటు మొక్కలతో నిండుతుంది. కేళీలను, అంటే రకానికి భిన్నంగా కనిపించే మొక్కలను, ఏరేసి, ఎండను అందరికంటే ఎక్కువ రోజులు ఓర్చి చివరగా పూతకొచ్చిన వాటిని ఎంచాలి. లెట్యూస్ పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది, తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. కాబట్టి రెండు రకాలను మూడు నాలుగు మీటర్ల ఎడంలో పెట్టినా పెరటి అవసరానికి సరిపోతుంది. పూసిన రెండు మూడు వారాలకు తెల్లని కుచ్చులు విచ్చుకుంటాయి. గింజలన్నీ ఒకేసారి పండవు, రోజూ కాగితం సంచిలో దులుపుకోవాలి. చివరికి చాటలో చెరిగితే పొట్టు పోతుంది. పొడిగా, చల్లగా ఉంచితే మూడేళ్లు నిక్షేపంగా మొలుస్తాయి.

ఈ ఎంపికలో ఘనులున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన జార్జ్ అడ్మైర్ పేరు మీద ‘గ్రాండ్‌పా అడ్మైర్స్’ అనే రకముంది. ఆయన మనవరాలు తొంభై ఏళ్ల వయసులో, 1977లో, ఆ గింజలను ఇప్పుడు అయోవాలో ఉన్న విత్తన సంరక్షణ సంస్థ సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్‌కు అందజేసింది. ఆ మొక్క వేడికి తట్టుకుని ఆలస్యంగా పూస్తుందంటే అది కంపెనీ చలువ కాదు, ఒక కుటుంబం ఓపిక. ఆరెగాన్‌లో ఫ్రాంక్ మోర్టన్ సలాడ్ ఆకులు అమ్ముకుంటూ, మడిలో తేడాగా కనిపించిన మొక్కను పీకెయ్యకుండా గింజ పట్టాడు. అలా మొదలైన పని నుంచి ఎన్నో రకాలు వచ్చాయి. 2015 ఆగస్టులో నాసా వ్యోమగాములు అంతరిక్షంలో పెంచుకుని తిన్న ఎర్ర లెట్యూస్ ‘అవుట్‌రెడ్జియస్’ ఆయన సృష్టే! పెద్ద ప్రయోగశాలలున్న సంస్థ కూడా ఒక రైతు గింజనే ఎంచుకుంది.

ఐస్‌బెర్గ్ లెట్యూస్ సంగతి తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది. బర్పీ విత్తనాల కంపెనీ 1894లో తెచ్చిన అసలు ఐస్‌బెర్గ్ ఆకు అంచుకు ఎర్రజీర ఉంటుంది, రుచీ ఉంటుంది. బర్గర్ల మధ్య కరకరలాడే ఈ నీళ్ల ఉండ అది కాదు. 1941 నాటి గ్రేట్ లేక్స్, ఆ తరహా రకాల సంతతి. వందల మైళ్ల లారీ ప్రయాణానికి తట్టుకోవడమే దాని ఘనత. పేరు కూడా అరువే. దీనికి తోడు, ఆకు రంగు మీదా గుణం మీదా పేటెంట్లు! తరతరాల పెరటి వాళ్లు దాచిన సొత్తుకు ఇప్పుడు కాపలా కంచెలట. మోర్టన్ వంటివాళ్లు తమ గింజలను ఓపెన్ సోర్స్ సీడ్ ఇనిషియేటివ్ కింద ఎవరైనా వాడుకునేలా వదిలారు. నా ఓటు వాళ్లకే.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పెరట్లో గోంగూర వేసే మనవాళ్లు ఆ మడిలోనే ముందుగా లెట్యూస్ వేసుకోవచ్చు. గోంగూరకు ఎండలు ముదిరేలోపు ఇది కోతకొస్తుంది. హైదరాబాదు మిద్దెతోటల్లో అయితే అక్టోబరు చివర నుంచి జనవరి దాకా అదను. పొట్లం కొనేటప్పుడు హైబ్రిడ్ కానిది అడగండి, రకం పేరు లేని ‘మిక్స్’ ముట్టుకోకండి. పంట చివర పీకేముందు ఆగి, అన్నిటికన్నా ఆలస్యంగా కాడ వేసిన మొక్కలు రెండు మూడు గింజకు వదలండి. వచ్చిన విత్తనంలో సగం పక్కింటి వాళ్లకివ్వండి, రకం పేరు రాసి మరీ.