పటం ఎవరు వేయించారు?

ఊరు కళను తయారుచేస్తుందా, కళ ఊరిని తయారుచేస్తుందా అని చర్చ వచ్చినప్పుడు వరంగల్‌లో చాలామంది కాకతీయ తోరణం వైపు చెయ్యి చూపిస్తారు. 2014లో రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కిన ఆ శిల్పం గొప్పదే. కాని దాన్ని చెక్కించింది రాజ్యం. శ్రమచేసే కులాలు తమకోసం ఏ బొమ్మ వేయించుకున్నాయి? దీనికి జవాబు చేర్యాల పటం దగ్గర దొరుకుతుందని నేను అనుకుంటాను.

2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురు, తెల్లసుద్ద పట్టించిన బట్టమీద, ఎర్రటి నేపథ్యంలో, కథను అడ్డపట్టీలుగా గీశారు. ఏ కథ గీయాలో నిర్ణయించింది చిత్రకారుడు కాదు. కథ చెప్పే ఆశ్రిత కులాలవాళ్లు పటం వేయించుకునేవాళ్లు. కాకిపడగలవారు ముదిరాజులకు, కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు కథ చెబుతారు. ఏ ఊళ్లలో ఎవరు అడగాలో మిరాశీ హక్కు తేల్చేది. దాతకులం ఇచ్చిన దాంట్లోంచే చిత్రకారుడికి కూలి ముట్టేది.

ఈ ఆర్థిక సంబంధమే శిల్పాన్ని నిర్ణయించింది. పటం గజాల కొద్దీ పొడవు ఎందుకు? కథ రాత్రుళ్ల తరబడి సాగుతుంది కనక. రంగులు అంత ముదురుగా, గీత అంత స్పష్టంగా ఎందుకు? గుంపులో వెనక కూచున్నవాడికి కూడా కనపడాలి కనక. పురాణ పురుషులు తెలంగాణ పల్లె మనుషుల్లా ఎందుకున్నారు? చూసేవాళ్లు వాళ్లే కనక.

ప్రభావం ఒకవైపే సాగలేదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసిన పద్మశాలీలకు మార్కండేయుడి కథ కులగౌరవం. జాంబపురాణంలో జాంబవంతుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. ఊరి బయటికి నెట్టబడ్డ మనిషి తన మూలపురుషుడి ముఖాన్ని పటం మీద చూశాడు. అతనికి గుడి తలుపు తెరవని సమాజంలో పటమే అతని చరిత్ర పుస్తకం అయింది.

వీటిని భూస్వామ్య అవశేషాలని తోసిపారేసే అభ్యుదయ విమర్శకులున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. అదే జాంబపురాణం మాదిగల పతనానికి ఆవుమాంసం కథను కారణంగా చూపుతుంది. అంటే ఒకే కథలో ధిక్కారమూ ఉంది, లొంగుబాటూ ఉంది. కులకథ కులాన్ని నిలబెడుతుంది కాని కులవ్యవస్థను కూలదోయదు. అయితే ఈ వైరుధ్యాన్ని విప్పి చూపడం విమర్శకుడి పని. తోసిపారెయ్యడానికి విమర్శకుడు అక్కర్లేదు.

మిరాశీ సడలింది, సినిమా వచ్చింది, కథకులకు ఊళ్లు కరువయ్యాయి. పటం హస్తకళల దుకాణంలోకి చేరింది. కొనేవాడు మారగానే బొమ్మ మారింది. గజాల కొద్దీ సాగిన కథ తెగి, ఒక్క చట్రంలో ఇమిడే పల్లె దృశ్యమైంది. గౌడ పురాణంలో గౌడు కథానాయకుడు. డ్రాయింగ్ రూం గోడమీద అతను చెట్టెక్కుతున్న అలంకారం మాత్రమే. అక్కడ అతనికి పూర్వీకుడు లేడు, ఫిర్యాదూ లేదు.

దీనికి చిత్రకారుణ్ణి నిందించడం అన్యాయం. మార్కెట్ లేకపోతే కుంచె ఎప్పుడో ఆగిపోయేది. భౌగోళిక గుర్తింపు ఆ పేరును నకిలీలనుంచి కాపాడుతుంది. కాని పేరును కాపాడే చట్టం కథ చెప్పే డక్కలి గొంతును కాపాడదు. పటాన్ని చూసేవాడు, చెప్పేవాడు, గీసేవాడు ఒకచోట కూచున్నప్పుడే అది ప్రజాకళ. ముగ్గురూ విడిపోయాక మిగిలేది సరుకు.

అందుకే వరంగల్ రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ నాదొక్కటే సూచన. పటం అందాన్ని వర్ణించే వ్యాసాలు చాలానే వచ్చాయి. ఇప్పుడు కథకుల దగ్గర కూచుని, కథ మొత్తం, లొంగుబాటు ఉన్న చోట్లతో సహా, రాసుకోవాలి. ఏ బొమ్మ ముందు నిలబడ్డా మొదట అడగాల్సింది ఎవరు గీశారని కాదు, ఎవరు వేయించారని.